తిరుగు దారికి మూడు సీసాలు

అనగనగా అంటే మరీ రాజులూ రాకుమారులూ తిరిగిన కాలం కాదు, అలాగని నిన్నా మొన్నా కూడా కాదు. సముద్రం ఒడ్డున ఒక పెద్ద పట్నం ఉండేది. ఆ పట్నంలో బస్సెక్కితే డబ్బులు పుచ్చుకునేవాళ్ళు కాదు. ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నేను గోడకి కథ చెబుతున్నట్టుంటుంది.

డబ్బులు కాకపోతే మరేం పుచ్చుకునేవాళ్ళు? ఖాళీ ప్లాస్టిక్ సీసాలు. నవ్వకు, నిజమే చెబుతున్నాను. అంతకు ముందు ఆ పట్నం నిండా సీసాలే. కాలవల్లో సీసాలు, కొబ్బరి చెట్ల మొదట్లో సీసాలు, ఆవుల కడుపుల్లో కూడా ప్లాస్టిక్కే. ఒక ఏడాది వానలు పడితే నీళ్ళు పోయే దారి లేక మంచాల కింద దాకా వచ్చాయి. అప్పుడు పట్నం పెద్దలంతా కూర్చుని ఆలోచించారు. ఆలోచించి బస్సులన్నిటి మీదా ఒక మాట రాయించారు.

"లీటరు సీసాలు మూడిస్తే ఒక టిక్కెట్టు. కడిగి, ఆరబెట్టి, మూత పెట్టి తేవాలి. చిల్లులు పడ్డవి చెల్లవు." అదీ ఆ మాట. ఎవరైనా రూపాయలు చాపితే కండక్టర్లు చేతులు వెనక్కి పెట్టేసుకునేవాళ్ళు.

ఇంకేముంది, ఆరు నెలల్లో వీధులు అద్దంలా అయిపోయాయి. దారిలో ఒక్క సీసా కనబడితే నలుగురు పరిగెత్తేవాళ్ళు. కొట్లవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? "తాగేసి సీసా ఇక్కడే ఇచ్చి వెళ్ళండి" అని కొట్టు ముందర బల్ల వేసేశారు. చుట్టాలూ పక్కాలూ వచ్చిపోయే ఇళ్ళలో సీసాలు గోనెసంచుల నిండా పోగయ్యేవి. వాళ్ళకి రోజూ ప్రయాణాలే. మరి ఎవరూ రాని ఇంట్లో సీసా ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పు?

అలా ఎవరూ రాని ఇల్లు ఒకటి ఉండేది. కొండ కింద వీధిలో ఒంటి గది. అందులో పైడమ్మ అనే ఆవిడ ఉండేది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. అడ్డాకులతో విస్తళ్ళు కుట్టుకుని బతికేది. ఆవిడ ఇంట్లో మట్టికుండ, ఇత్తడి చెంబు, ఆకుల కట్టలు, వెదురు పుల్లలు, అంతే. చెత్తబండి అబ్బాయి ఆ గుమ్మం ముందు ఆగడమే మానేశాడు. పారేయడానికి కూడా ఏమీ లేని ఇల్లది.

పైడమ్మకి లోకంలో ఉన్నది ఒక్కటే మనిషి. పేరు చిన్నాలు. చుట్టం కాదు, పక్కం కాదు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు "వదినా" అని పిలుచుకునేవాళ్ళు, అంతే. ఇరవయ్యేళ్ళు ఎదురెదురుగా కూర్చుని విస్తళ్ళు కుట్టారు. చిన్నాలు ఆకులు ఏరి పేర్చేది, పైడమ్మ పుల్ల గుచ్చేది. ఒకళ్ళ మాట ఒకళ్ళకి సగంలోనే తెలిసిపోయేది.

ఆ తర్వాత చిన్నాలుకి చూపు తగ్గింది. ఆకుకి ఉన్న చిరుగు కనబడటం మానేసింది. అప్పుడు కూతురు కొండమ్మ వచ్చి తల్లిని పట్నం ఆ చివర్న తన ఇంటికి తీసుకుపోయింది. ఈ చివర్నుంచి ఆ చివరికి బస్సులో గంటన్నర. మొదట్లో పైడమ్మ నెలకోసారి చిల్లర మూట కట్టుకుని వెళ్ళి చూసొచ్చేది. సీసాల బస్సులొచ్చాక ఆ వెళ్ళడం ఆగిపోయింది. ఆరు నెలలు పైడమ్మ పుల్ల గుచ్చుతూ, ఎదురుగా ఖాళీ చాప వంక చూస్తూ కూర్చుంది. మాట్లాడటానికి మనిషి లేక ఒక్కోరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడ నోరు తెరిచేదే కాదు. ఎంత కష్టమో కదా నాన్నా, నువ్వైతే రెండు నిమిషాలు ఉండలేవు.

ఇలా ఉండగా ఒక మంగళవారం కొండ మీద నుంచి ఆకులు తెచ్చే సన్యాసి అనే అతను కట్టలు దించుతూ ఒక కబురు చెప్పాడు. "పైడమ్మప్పా, చిన్నాలప్ప వాళ్ళు ఊరొదిలి ఎల్లిపోతన్నారు. అల్లుడికి ఎక్కడో మిల్లులో పని దొరికిందట. రైల్లో రెండ్రోజుల దూరమట. శనివారం మధ్యాన్నం రైలు. ఒక్కసారి నిన్ను చూడాలని ఉందని చెప్పమంది."

మళ్ళీ చిన్నాలు రాదు. చూపు లేని మనిషి, రెండు రోజుల దూరం, ఇక ఎప్పుడు కలుస్తారు? శనివారం లోపల మూడు సీసాలు సంపాదించాలి. సంపాదించకపోతే చిన్నాలుని చూడటం ఇంక ఈ జన్మకి లేదు.

ఆటో ఎక్కొచ్చు కదా అంటావు, నాకు తెలుసు. ఆటోవాడు ఆ చివరికి అడిగే డబ్బుతో పైడమ్మ పది రోజులు అన్నం తినగలదు. నడిచి వెళ్ళడానికి మోకాళ్ళు మాట వినవు. ఇంక మధ్యలో అడగకు, కథ తోవ తప్పుతుంది.

బుధవారం పొద్దున్నే పైడమ్మ పక్కింటి గుమ్మం ముందు నిలబడింది. పదేళ్ళుగా పక్కపక్కనే ఉన్నా ఆ ఇంటివాళ్ళని ఏమీ అడిగి ఎరగదు. "అమ్మా, ఒక్క సీసా ఉంటే ఇస్తావా?" అంది, తల వంచుకుని. పక్కింటావిడ చెడ్డదేం కాదు. మంచం కింద వరసగా పేర్చిన సీసాల వంక చూసి, "మా మావగారిని వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తిప్పాలి పైడమ్మా, లెక్క సరిపోవట్లేదు" అంది. అది కూడా నిజమే. పైడమ్మ "పర్లేదమ్మా" అని వచ్చేసింది. వస్తుంటే సిగ్గుతో మొహం మండిపోయింది.

అప్పుడు కాలవ వంతెన మీదకి వెళ్ళింది. చేతిలో పొడుగాటి వెదురు కర్ర. కళ్ళల్లో వత్తులేసుకుని నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. సాయంత్రం అయ్యింది. వంతెన మీద ఎంతమంది నడిచినా ఒక్కరూ ఆగి, ఏం చూస్తున్నావని అడగలేదు. చీకటి పడేవేళకి తుంగలో చిక్కుకున్న సీసా ఒకటి కదిలింది. బురదలోకి దిగి, మోకాలి లోతులో నిలబడి, కర్రతో లాక్కుంది. ఇంటికి తెచ్చి కుంకుడు రసంతో మూడుసార్లు కడిగింది. ఒక సీసా అయ్యింది.

గురువారం కల్యాణమండపం దగ్గరికి వెళ్ళింది. ఒకప్పుడు ఆ మండపానికి వెయ్యేసి విస్తళ్ళు తనూ చిన్నాలూ కుట్టి పంపినవాళ్ళే. ఇప్పుడక్కడ అన్నీ కాగితం పళ్ళేలు. వంటమేస్త్రి సూరయ్య ఆవిణ్ణి గుర్తుపట్టాడు. "సీసాలన్నీ పెళ్ళివారే సంచులకెత్తుకుపోతున్నారు తల్లీ, మాకు మిగల్చట్లేదు. సరే, పులిహోరకి దొప్పలు కావాలి. వంద దొప్పలు కుట్టిపెట్టు, నా వంతు సీసా ఒకటి నీకిస్తాను" అన్నాడు.

ఆవిడ వంటశాల వెనక నేల మీద కూర్చుని వంద దొప్పలు కుట్టింది. పందిట్లో సన్నాయి వాయిస్తున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు, ఎవరో ఎవరినో అన్నం తిందువు రమ్మని చెయ్యి పట్టుకు లాగుతున్నారు. పైడమ్మని ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు కూడా. ఆవిడ అక్కడ ఉందని సూరయ్యకి తప్ప ఎవరికీ తెలీదు. దొప్పలు అప్పగించి సీసా పుచ్చుకుని వచ్చేసింది. రెండు సీసాలయ్యాయి.

శుక్రవారం ఎంత తిరిగినా ఏమీ దొరకలేదు. బడి దగ్గర లేదు, బజార్లో లేదు, సముద్రం ఒడ్డున కూడా లేదు. కాలు కాలిన పిల్లిలా తిరిగి తిరిగి సాయంత్రానికి ఇంటికొచ్చి కూలబడింది. కూలబడి ఏం చేస్తుంది? పని చేసుకోవాలి కదా. ఎండిన ఆకు పుల్ల గుచ్చితే పటుక్కున విరుగుతుంది. అందుకని ముందు నీళ్ళు చిలకరించి మెత్తబరుస్తారు. పైడమ్మ ఆకుల కట్ట విప్పింది, నీళ్ళు చిలకరించింది. చిలకరిస్తూ చిలకరిస్తూ ఆగిపోయింది.

చేతిలో ఉన్నదేమిటి? సీసా! మూతకి మేకుతో నాలుగు చిల్లులు పొడిచి, నీళ్ళు చిలకరించడానికని ఏనాటి నుంచో వాడుకుంటున్న సీసా. అరిగి అరిగి తెల్లబారిపోయింది. అది ప్లాస్టిక్ అన్న సంగతే ఆవిడ మర్చిపోయింది. పనిముట్టు పనిముట్టులాగే కనబడింది గానీ సీసాలాగా కనబడలేదు. మూడు రోజులు ఊరంతా గాలించిన పైడమ్మ ఒక్కతీ కూర్చుని నవ్వుకుంది. చెప్పుకుని నవ్వడానికి పక్కన మనిషి లేకపోయేసరికి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

శనివారం తెల్లారగానే ఉతికిన చీర కట్టుకుని, మూడు సీసాలు గుడ్డసంచిలో పెట్టుకుని బస్టాపుకి వెళ్ళింది. బస్సొచ్చింది. కండక్టరు కాస్త కటువైన ఆడమనిషి. రెండు సీసాలు చూసి గోతంలో వేసింది. మూడోది ఎత్తి చూసి, "మూతకి చిల్లులున్నాయేంటి?" అంది.

పైడమ్మ, "ఆకులకి నీళ్ళు చల్లడానికమ్మా" అంది. వెనక జనం తోసుకొస్తున్నారు. కండక్టరు ఆవిడ మొహం వంక చూసింది. "చిల్లులు సీసాకి ఉండకూడదన్నారు గానీ మూత మాట అనలేదులే, ఎక్కు" అని గోతంలో పడేసింది. పైడమ్మ కిటికీ పక్కన కూర్చుంది. గంటన్నరసేపు గాలి మొహాన కొడుతుంటే, చిన్నాలుకి చెప్పాల్సిన మాటలన్నీ లోపల్లోపల పేర్చుకుంది.

ఆ చివరికి చేరేసరికి ఎనిమిదిన్నర. కొండమ్మ వాళ్ళ ఇల్లు అప్పటికే ఖాళీ అయిపోయింది. గిన్నెలూ బిందెలూ మూటలు కట్టేశారు. వట్టి గచ్చు మీద చిన్నాలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చప్పుడు విని, "ఎవరూ?" అంది. పైడమ్మ ఏమీ అనకుండా వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి చేతిలో పెట్టింది. చిన్నాలు వేళ్ళ కొసలు తడిమింది. పుల్లలు గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిన వేళ్ళు. "ఒలే వదినా, వచ్చావా" అంది. అని ఏడ్చింది. పైడమ్మ కూడా ఏడ్చింది. ఆరు నెలల ఏడుపు కదా, కాసేపు పట్టింది.

ఏడుపయ్యాక చిన్నాలు కళ్ళు తుడుచుకుని అడిగింది. "మళ్ళీ ఎలా ఎల్తావే? తిరుగు దారికి సీసాలున్నాయా?"

పైడమ్మ తెల్లమొహం వేసింది. తిరుగు దారి! ఇంట్లో మనుషులున్నవాళ్ళు ఎక్కడికెళ్ళినా వెళ్ళడానికీ తిరిగి రావడానికీ కలిపి ఆరు సీసాలు లెక్కేసుకుంటారు. పైడమ్మ నాలుగు రోజులూ ఇక్కడికి రావడానికే లెక్కేసుకుంది. పొద్దు పోయింది, ఇంకా రాలేదేమని చూసేవాళ్ళు ఎవరున్నారు ఆవిడకి? అందుకే తిరిగి వెళ్ళాలన్న ధ్యాసే రాలేదు. "అదేటో నాకు తోచనేలేదు వదినా" అంది మెల్లగా.

అప్పుడు చిన్నాలు కూతుర్ని పిలిచి రైలు కోసం పెట్టిన నీళ్ళు తెమ్మంది. మూడు లీటరు సీసాలు, నిండుగా ఉన్నాయి. "ఇవి వదినకి ఇచ్చేస్తాను. మనం రైలాగిన చోట పంపు దగ్గర చెంబుతో తాగుదాం" అంది. కొండమ్మ మంచిపిల్ల, సరేనంది. "మరి నీళ్ళు?" అంది పైడమ్మ. పోయడానికి ఒక్క గిన్నె విడిగా లేదు.

వీధిలోకి వెళ్ళి పారబోస్తే క్షణంలో తేలిపోయే పని. కానీ ఆ మాట ఇద్దర్లో ఎవరికీ అనాలనిపించలేదు. "తాగుదామే" అంది చిన్నాలు.

మొదటి సీసా గబగబా తాగేశారు. ఎండన పడి వచ్చిన మనిషికి దాహం, ఏడ్చిన మనిషికి దాహం. అది అయిపోయాక ఇద్దరూ దాని వంక చూసుకున్నారు. అప్పుడు తెలిసింది ఇద్దరికీ. మూడు సీసాలూ ఖాళీ అయితే పైడమ్మ లేచి వెళ్ళిపోవచ్చు.

రెండో సీసా నెమ్మదిగా తాగారు. ఒక గుక్క తాగడం, ఒక కబురు చెప్పుకోవడం. వంతెన మీద కూర్చున్న సంగతి, వంద దొప్పల సంగతి, చిలకరించే సీసా సంగతి అన్నీ చెప్పింది పైడమ్మ. నిన్న మధ్యలో ఆగిపోయిన నవ్వు ఇవాళ ఇద్దరూ కలిసి నవ్వారు. చిన్నాలు మాత్రం, "ఆ ఊళ్ళో మన మాట ఎవరికీ రాదట వదినా. కూతురూ అల్లుడూ మిల్లుకెళ్ళాక నేనెవరితో మాట్లాడతాను?" అంది. పైడమ్మ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత మూడో సీసా. దాన్ని సీసాతో తాగలేదు. మూతలో పోసుకుని తాగారు. ఒక మూత నీకు, ఒక మూత నాకు. మూతకి ఎన్ని చుక్కలు పడతాయి చెప్పు? చీమలు తాగినట్టు తాగారు. కొండమ్మ రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చింది, గచ్చు మీద పాకింది, అవతలి గోడ ఎక్కింది. సీసాలో ఇంకా నాలుగు వేళ్ళ నీళ్ళున్నాయి.

అప్పుడు వీధిలో ఆటో వచ్చి ఆగింది. మూటలెక్కించారు. చిన్నాలుని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "మిగిలినవి దార్లో తాగు వదినా" అంది చిన్నాలు. "ఊఁ" అంది పైడమ్మ. ఆటో వెళ్ళిపోయింది. చిన్నాలు తల బయట పెట్టి ఇటే చూసింది గానీ, పాపం, ఆవిడకి ఏం కనబడింది?

పైడమ్మ బస్టాపుకి వచ్చి నిలబడింది. బస్సొచ్చింది. కండక్టరు ఒక కుర్రాడు. "రెండు సరే, మూడోది ఖాళీ చేసి ఇవ్వాలమ్మా, నీళ్ళతో తీసుకోం" అన్నాడు. పైడమ్మ సీసా వంక చూసింది. "తర్వాత బస్సుకొస్తాను" అంది.

తర్వాత బస్సొచ్చింది. ఆవిడ సీసా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీదే కూర్చుంది. ఎవరూ ఎక్కమనలేదు, బస్సు వెళ్ళిపోయింది. ఆ వేళకి రైలు కూడా కదిలిపోయి ఉంటుంది.

మూడో బస్సొచ్చింది. అప్పుడు పైడమ్మ లేచి, మూత తీసి, ఆ నాలుగు వేళ్ళ నీళ్ళూ ఒక్క గుక్కలో తాగేసింది. తాగుతుంటే ఏడుపొచ్చింది, అయినా తాగేసింది. మిగతా రెండిటితో పాటు ఆ ఖాళీ సీసా కండక్టరు చేతికిచ్చింది. కండక్టరు దాన్ని గోతంలోకి విసిరాడు. అక్కడ వందల సీసాలున్నాయి. చిన్నాలు సీసా ఏదో వెతికినా తెలియలేదు.

ఏంటి, నిద్ర పోలేదా ఇంకా? వాళ్ళిద్దరూ మళ్ళీ కలిశారా అనా? అబద్ధం చెప్పమంటావా, నిజం చెప్పమంటావా? లేదు కన్నా, కలవలేదు.

కానీ ఆ తర్వాత ఒకటి జరిగింది. పైడమ్మ మళ్ళీ సీసాలు పోగుచేసింది. ఒక నెల పట్టింది ఒకటి దొరకడానికి, రెండు నెలలు పట్టింది ఇంకోటి దొరకడానికి. మొత్తానికి మూడూ కడిగి, ఆరబెట్టి, మూతలు పెట్టి గుమ్మం పక్కన గూట్లో వరసగా నిలబెట్టింది. పక్కింటావిడ అది చూసి, "ఎక్కడికి పైడమ్మా ప్రయాణం?" అని అడిగింది. "నాకు కాదమ్మా" అంది పైడమ్మ. "ఎవరైనా నన్ను చూడ్డానికొస్తే, తిరుగు దారికి వాళ్ళకి లేకపోతే ఇబ్బంది కదా."

వారానికోసారి వాటి మీద దుమ్ము తుడిచి పెట్టేది. ఇంకా ఎవరూ రాలేదు.

ఊఁ, ఇటు తిరిగి పడుకో. చెయ్యి ఇలా ఇయ్యి.

కథేమో కంచికెళ్ళే బస్సెక్కింది,
మనమేమో ఇంటికొచ్చే తోవ పట్టాం,
నిద్రమ్మ వచ్చి నీ రెప్ప మీద కూర్చుంది,
దీపమార్పి దుప్పటి నిండా కప్పాం.